ఉన్ని కప్పుకున్న పువ్వు

డెబ్బైలలో కామారెడ్డి స్టేషన్ రోడ్డులో మార్కండేయ ఫొటో స్టూడియో తెలియని మనిషి లేడు. అక్కడ దిగిన ఏ ఫొటో తీసుకున్నా వెనక ఒక మంచు కొండ ఉంటుంది. కొండ మీంచి దూకే జలపాతం ఉంటుంది. జలపాతం కింద గుత్తులు గుత్తులుగా గులాబీలు ఉంటాయి. కొత్త దంపతులూ, పుట్టువెంట్రుకలు తీయించిన పిల్లలూ, బొంబాయికి బతుకుదెరువుకు పోయేవాళ్లూ అందరూ ఆ కొండ ముందు నిలబడ్డవాళ్లే. ఆ కొండ తాజుద్దీన్‌ది.

తాజుద్దీన్ సొంతూరు మాచారెడ్డి. తండ్రి చీరలకు రంగులు వేసేవాడు. ఇంటి ముందు గంగాళాల్లో ఉడికే రంగుల వాసన పీలుస్తూ పెరిగినందుకో ఏమో, తాజుద్దీన్‌కు ఇంకో పని మీద మనసు పోలేదు. కామారెడ్డి వచ్చి బోర్డులు రాయడం మొదలుపెట్టాడు. బెల్లం దుకాణాలకు పేర్లు, లారీల వెనక నెమళ్లు, అద్దె సైకిళ్లకు నంబర్లు. కానీ ప్రాణమంతా స్టూడియో పరదాల మీదే ఉండేది. రెండు పన్నాల మందపు గుడ్డను కలిపి కుట్టి, చట్రానికి బిగించి, జిగురు కలిపిన తెల్ల పొడిని మూడు పూతలు పూసి, అది ఆరేదాకా పక్కనే కూర్చునేవాడు. ఆరిన గుడ్డ మీద వేలితో కొడితే డప్పులా మోగాలి. అప్పుడు గాని కుంచె పట్టేవాడు కాదు. ఎప్పుడూ ఆకాశం నుంచే మొదలుపెట్టేవాడు.

అతను చూసిన కొండల్లో పెద్దది ఆర్మూరు గుట్ట. మంచు కొండను ఒక అగరుబత్తుల క్యాలెండర్ మీద చూశాడు. గులాబీలు మాత్రం సొంతం. కొండ ఖాళీగా ఉంటే బాగుండదని తనే పెట్టాడు.

డెబ్బై ఆరు ఎండాకాలంలో ఒక జంట ఫొటోకు వచ్చింది. అతని పేరు అబ్రాహాము, మిలిటరీలో ఉన్నాడు. ఎల్లారెడ్డి అవతల చిన్న పల్లె. పక్కన కొత్త పెండ్లికూతురు మరియ, కొత్త చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ నేల చూపులు చూస్తోంది. ఆ వేళకు తాజుద్దీన్ అక్కడే ఉన్నాడు. పరదా మూల ఒకచోట పెచ్చు ఊడితే స్టూలెక్కి రంగు దిద్దుతున్నాడు. స్టూడియో యజమాని మార్కండేయ కెమెరా వెనక నల్లగుడ్డలో తల దూర్చాడు.

అబ్రాహాము వెనక్కి తిరిగి పరదా చూశాడు. చూసి నవ్వాడు.

"గీడ గులాబీలెందుకున్నయన్నా?"

తాజుద్దీన్ స్టూలు మీంచే అడిగాడు, "ఎందుకు తమ్మీ, బాగ లెవ్వా?"

"బాగనే ఉన్నయి. గని మంచు కొండల మీద గులాబీలు పూయవన్నా. నేను మూడేండ్ల సంది గాన్నే ఉంటున్న. గఢ్వాల్‌ల."

మార్కండేయ నల్లగుడ్డలోంచి తల బయటపెట్టాడు. "గద్వాలనా? గది మా మేనత్త ఊరే. ఆడ మంచేంది?"

"గద్వాల కాదన్నా, గఢ్వాల్. బద్రీనాథ్ నుంచి ఇంకా పైకి పోవాలె. ఆడ చెట్లు గిట్ల ఏమీ ఉండవు. అంత రాయే. గని వానకాలం వస్తె ఆ రాళ్లల్ల పువ్వులు పూస్తయి చూడు, నేను చెప్తె ఎవరు నమ్మరు."

ఫొటో సంగతి పక్కకు పోయింది. మరియ బెంచీ మీద కూర్చుంది. అబ్రాహాము చెప్పడం మొదలుపెట్టాడు. ఒక పువ్వు నీలం రంగుది, రేకులు పలచగా ఉండి ఎండ వాటిలోంచి ఇవతలికి కనిపిస్తుందట. కాడ నిండా ముండ్లట. ఇంకొకటి మేడిపండు రంగు ఆకులతో దోసిలి పట్టినట్టు ఉంటుందట, లోపల దీపం పెట్టినట్టు వెలుగుతుందట. చివరికి మూడో పువ్వు సంగతి చెప్పాడు.

"ఇంకో పువ్వున్నదన్నా. దాని మీద ఉన్ని ఉంటది. గొర్రెపిల్ల లెక్క. మొత్తం తెల్లగ కప్పుకొని, పైన ఒక చిన్న బొక్క ఇడిచిపెడ్తది. తుమ్మెద ఆ బొక్కలకెల్లి లోపలికి పోయి చలికి అండ్లనే పంటది."

మార్కండేయ పకపకా నవ్వాడు. తాజుద్దీన్‌కూ నవ్వొచ్చింది గాని ఆపుకున్నాడు. ఎందుకంటే అబ్రాహాము మొహంలో వేళాకోళం లేదు.

"పరదా మీద గవి గీస్తవా అన్నా? ఈమె రోజూ అడుగుతది, నువ్వుండే జాగ ఎట్లుంటదని. నాకు చెప్ప రాదు. ఉత్తరం రాయబోతె రెండు ముక్కలు దాటవు. నేను పన్నెండు దినాలల్ల మళ్ల పోవాలె. ఆడికి ఈమెను తీస్కపోనీకి రాదు. ఒక్కసారి చూస్తె చాలు."

తాజుద్దీన్ మరియ వైపు చూశాడు. ఆమె మొదటిసారి తలెత్తింది. అంతే, ఒప్పుకున్నాడు.

పది రోజులు పట్టింది. అబ్రాహాము ప్రతి పొద్దూ ఎల్లారెడ్డి బస్సులో వచ్చి చట్రం ముందు కూర్చునేవాడు. "ఇంత ముద్దగ కాదన్నా, రేక పలచగుండాలె." "ముండ్లు పచ్చగ కాదు, బంగారు రంగున్నట్టుంటయి." తాజుద్దీన్ తుడిచేవాడు, మళ్లీ గీసేవాడు. బట్టలకు వాడే నీలిమందులో తెల్లపొడి చిటికెడు కలిపితే అబ్రాహాము తల ఊపాడు. "దగ్గరికొచ్చినవ్" అన్నాడు. ఉన్ని పువ్వుకు దూదిని రంగులో ముంచి అద్దాడు. పన్నెండేళ్ల పనిలో తాజుద్దీన్ అంత శ్రద్ధగా ఏదీ గీయలేదు. కన్ను చూడనిదాన్ని చెవితో విని గీయడంలో ఏదో గమ్మత్తు ఉందని భార్య హసీనాతో చెప్పుకునేవాడు. ఆమె అన్నం వడ్డిస్తూ, "కప్పుకున్న పువ్వు, కప్పుకోని పువ్వు, ముందు నువ్వు తిను" అనేది.

పదకొండో రోజు మరియ వచ్చి పరదా ముందు నిలబడింది. తరువాత ఉన్ని పువ్వు దగ్గరికి పోయి, గుడ్డకు తగలకుండా చేయి చాపి, "గింత చలి ఉంటదా?" అని భర్తను అడిగింది. అబ్రాహాము "పువ్వులకే" అన్నాడు. ఫొటో తీశారు. నలుపు తెలుపు ఫొటో. అందులో నీలం లేదు, మేడిపండు రంగు లేదు. అబ్రాహాము దాన్ని జేబులో పెట్టుకుని రైలెక్కాడు.

తరువాత మొదలైంది అసలు తంటా. ఆ పరదా ముందు నిలబడటానికి ఎవరూ ఇష్టపడలేదు. "పువ్వులకు గొంగడి కప్పినవేంది తాజుద్దీన్ భాయ్, జరమొచ్చిందా?" అని ఒకడు. "పత్తి చేనుల ఫొటో దిగనీకి గింత దూరమెందుకు?" అని ఇంకొకడు. బడిపంతులు ఒకాయన కళ్లద్దాలు సవరించుకుని చూసి, ఇటువంటి పుష్పం సృష్టిలో లేదని తేల్చి చెప్పాడు. బెల్లం బజారులో తాజుద్దీన్ పోతుంటే "ఉన్ని పువ్వు వస్తున్నది" అనేవారు. ఏడాది ఓర్చుకున్నాడు. ఆ తరువాత మార్కండేయ ముఖం చూడలేక ఒక మధ్యాహ్నం కుంచె తీసుకుని ఆ పువ్వులన్నిటి మీదా గులాబీలు వేసేశాడు. వేసేశాక కోపం వచ్చింది. ఆ కోపం అబ్రాహాము మీదికి తిరిగింది. పది రోజులు తనను ఆడించాడు, తమాషా చూశాడు, పోయాడు. అట్లా అనుకుంటే మనసుకు తేలికగా ఉంది.

ఎనభైలో అబ్రాహాము మళ్లీ వచ్చాడు. చంకలో మూడేళ్ల ఆడపిల్ల, వెనక మరియ. స్టూడియోలో ఆ పూట బెల్లం బజారు వాళ్లు నలుగురు కూర్చున్నారు. అబ్రాహాము పరదా దిక్కు చూసి ఆగిపోయాడు.

"పూలేవన్నా?"

తాజుద్దీన్‌కు నలుగురి చూపులూ తన మీద ఉన్నట్టు తెలిసింది. "నీ ఉన్ని పూలా తమ్మీ? మిలిటరోళ్లు లీవుల వచ్చి చెప్పే ముచ్చట్లు నమ్మి పది దినాలు పాడు జేసుకున్న. ఆ ఉన్నితోని కంబళ్లు నేసి అమ్ముకో పో."

నలుగురూ పగలబడి నవ్వారు. అబ్రాహాము బిడ్డను ఇంకో చంకకు మార్చుకుని బయటికి నడిచాడు. మరియ గడప దగ్గర ఆగింది.

"ఆయన అబద్ధం ఆడడన్నా" అంది. అని పోయింది.

ఆ మాట తాజుద్దీన్‌ను వదలలేదు. ఎనభై మూడులో షార్జా పోయాడు. రెండేళ్లు ఇండ్ల గోడలకు రంగు వేశాడు. అన్నిటికీ తెల్ల రంగే. ఎర్రటి ఎండలో తెల్లగోడ ముందు నిలబడినప్పుడల్లా గుడ్డకు తగలకుండా చేయి చాపిన మరియ గుర్తుకొచ్చేది. తిరిగొచ్చేసరికి కలర్ ఫొటోలు వచ్చాయి. ఇంకొన్నేళ్లకు గోడంత పెద్ద అచ్చు కాగితాలు వచ్చాయి, వాటి మీద సరస్సులు, ఆకురాలే అడవులు. చేత్తో గీసిన పరదాలు అడిగేవాళ్లు లేరు. మార్కండేయ తన పరదాలను చుట్టి అటక మీద పడేశాడు. ఎలుకలు కొట్టాయి. తాజుద్దీన్ ఎన్నికలప్పుడు గోడలు రాసేవాడు, మిగతా కాలం ట్రాక్టర్లకు పేర్లు రాసేవాడు.

తొంభై తొమ్మిది వానకాలంలో మార్కండేయ చిన్నకూతురు గంగమణి స్టూడియోలో సగానికి చెక్క గోడ కొట్టించి, నిజామాబాదులో నేర్చుకున్న చదువుతో మూడు కంప్యూటర్లు పెట్టింది. బోర్డు రాయమని తాజుద్దీన్‌ను పిలిచింది. ఇంటర్నెట్ అన్న మాటను ఎర్ర రంగుతో రాసి, నీలం నీడ దిద్ది, నిచ్చెన దిగి అడిగాడు.

"గిండ్ల ఏమొస్తది బిడ్డా?"

"నువ్వేది చూస్తనంటె గదే వస్తది చాచా."

"మంచు కొండల మీద పూసే పువ్వులు వస్తయా?" నవ్వుతూనే అడిగాడు.

గంగమణి కుర్చీ జరిపింది. టెలిఫోన్ తీగలోంచి కీచుకీచుమని చప్పుడు వచ్చింది. ఆమె ఏవో అక్షరాలు కొట్టింది. ముందు గులాబీ గుత్తులే వచ్చాయి, తాజుద్దీన్ లేవబోయాడు. "ఆగు చాచా" అని ఆమె మళ్లీ కొట్టింది. ఈసారి తెర నిండా పోస్టు బిళ్లలంత చిన్న చిన్న బొమ్మలు వరుసగా వచ్చాయి. ఏ దేశపు మనిషో, ముప్ఫై ఏండ్లు కొండలు తిరిగి తీసిన ఫొటోలన్నీ ఒకచోట పెట్టాడట. తాజుద్దీన్ కళ్లద్దాలు తుడుచుకుని ముందుకు వంగాడు. ఒక బిళ్ల మీద వేలు పెట్టాడు.

"గది పత్తికాయ కదా?"

"ఒత్తి చూద్దాం."

బొమ్మ పెద్దదవ్వడం మొదలుపెట్టింది, పై నుంచి సన్నని పట్టీలుగా. ముందు ఆకాశం వచ్చింది. తరువాత రాయి. తరువాత తెల్లగా ఏదో గుండ్రటి కొస. బయట వాన పడుతోంది, లైను కొంచెం సేపు ఆగిపోయింది, మళ్లీ కదిలింది. ఇంకో పట్టీ. ఇంకోటి. రాళ్ల మధ్య, ఒంటి నిండా తెల్లటి ఉన్ని కప్పుకుని, చలికి ముడుచుకున్న ముసలవ్వలా ఒక పువ్వు కూర్చుని ఉంది. నెత్తిన చిన్న రంధ్రం.

గంగమణి కింద ఉన్న ఇంగ్లీషు చదివి చెప్పింది. "చలికి తట్టుకోనీకి తన మీద తనే ఉన్ని పెంచుకుంటదట చాచా. పైన బొక్క తుమ్మెదకట. లోపల వెచ్చగుంటదట."

తాజుద్దీన్ లేచి బయటికి పోయి వానలో నిలబడ్డాడు. గల్లా దగ్గర కూర్చున్న మార్కండేయ, "ఏమైంది భాయ్?" అని లేచొచ్చాడు. కూతురు తెర చూపించింది. మార్కండేయ చూశాడు. ఆయనకు గుర్తుకు రావడానికి కొంచెంసేపు పట్టింది. గుర్తుకొచ్చాక మళ్లీ పోయి తన కుర్చీలో కూర్చున్నాడు.

మరునాటి నుంచి తాజుద్దీన్ రోజూ మధ్యాహ్నం వచ్చేవాడు. నీలం పువ్వు దొరికింది. తన నీలిమందు రంగు నిజంగానే దగ్గరికి వచ్చిందని, కాకపోతే అంచుల్లో ఊదా జీర ఉండాల్సిందని కనిపెట్టాడు. దోసిలి పట్టినట్టుండే పువ్వు మాత్రం అబ్రాహాము చెప్పినట్టు మేడిపండు రంగు కాదు, లేత నిమ్మపండు రంగు. ఆ ఒక్కదానిలో అతను పొరపడ్డాడు. ఇంకా ఎవరూ చెప్పనివి ఎన్నో ఉన్నాయి. బండరాయికి అతుక్కుని మెత్తటి పరుపులా పరుచుకున్న మొక్క ఒకటి, దాని మీద ఆవగింజలంత పూలు. పాము పడగ విప్పినట్టు చారలతో ఇంకొకటి. రాయే పూసిందా అన్నట్టు బూడిద రంగుది మరొకటి. గంగమణి దగ్గర ఉన్న ప్రింటరుకు రంగు లేదు. అందుకని తాజుద్దీన్ పెండ్లిపత్రికల అట్టలు కత్తిరించుకుని, రంగుల డబ్బా పక్కన పెట్టుకుని, తెర చూస్తూ ఒక్కొక్కటీ గీసుకున్నాడు. ఇంటర్నెట్‌కు వచ్చినవాళ్లు తమ పని మరిచి అతని భుజం మీంచి చూసేవాళ్లు. "నిజంగ ఉంటదా ఇది?" అని అడిగితే, "ఉంటది" అనేవాడు.

పదిహేను అట్టలు అయ్యాక ఎల్లారెడ్డి బస్సెక్కాడు. ఊరి పేరు గుర్తులేదు. బస్టాండులో మిలిటరీ అబ్రాహాము అని అడిగితే, పండ్ల బండి దగ్గరి ఒకామె వెంటనే చేయి చూపించింది. "బ్యాంకుల తుపాకి పట్టుకొని కూసుంటడు, ఆయనేనా?"

ఆయనే. మీసాలు నెరిశాయి. మోకాళ్ల నొప్పులేమో, స్టూలు మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. తాజుద్దీన్‌ను గుర్తుపట్టలేదు. తాజుద్దీన్ పేరు చెప్పలేదు, సలాం కూడా చేయలేదు, సంచీలోంచి ఉన్ని పువ్వు గీసిన అట్ట తీసి చేతిలో పెట్టాడు.

అబ్రాహాము అట్ట చూశాడు. తుపాకీని గోడకు ఆనించాడు. "ఏడ చూసినవన్నా?"

"కంప్యూటర్ల. అన్ని ఉన్నయి తమ్మీ. నువ్వు చెప్పినయన్ని. తుమ్మెద బొక్క గుడ ఉన్నది. ఆ దినం గట్ల అనకుండ ఉండాల్సింది. నలుగుర్ల నిన్ను చిన్నగ జేసిన."

అబ్రాహాము చాలాసేపు అట్టను తిప్పి తిప్పి చూశాడు. "నువ్వే కాదన్నా. అందరు నవ్విన్రు. నవ్వంగ నవ్వంగ నాకే అనుమానమొచ్చింది. అంత ఎత్తుల గాలి తక్కువుంటది, లేనియి కండ్లకు కనిపిస్తయని మా డాక్టర్ సాబ్ చెప్పేటోడు. గట్లనే అయ్యుంటదనుకున్న. బిడ్డకు గుడ చెప్పుడు బందు జేసిన."

బ్యాంకు మూసే దాకా తాజుద్దీన్ అరుగు మీద కూర్చున్నాడు. తరువాత ఇద్దరూ నడిచి ఇంటికి పోయారు. మరియ వాకిట్లో మిరపకాయలు ఎత్తుతోంది. ఆమె మాత్రం చూడగానే గుర్తుపట్టింది. అతను అట్టలన్నీ ఆమె ముందు మంచం మీద పరిచాడు. "నువ్వన్నదే నిజం చెల్లె. తప్పయింది" అన్నాడు.

"ఇరవై ఏండ్లు పట్టిందా అన్నా నీకు?" అంది మరియ. తిట్టినట్టు కాదు, నిజంగా లెక్క అడిగినట్టు. అడిగి చాయ పెట్టడానికి లేచింది.

ఆ వచ్చే ఆదివారం ప్రార్థన అయ్యాక మొగుడూ పెండ్లాలు కామారెడ్డి వచ్చారు. గంగమణి వాళ్ల కోసమే ఒక కంప్యూటరు ఖాళీగా ఉంచింది. అబ్రాహాము పువ్వు పువ్వుకూ ఒక ముచ్చట చెప్పాడు. ఇది మా గుడారం వెనక పూసేది. దీన్ని మా హవల్దారు టోపీకి పెట్టుకున్నాడు. ఈ పడగ పువ్వు ఇంత పైన ఉండదు, కింద అడవిలో. మోకాళ్ల నొప్పి మరిచిపోయి లేచి నిలబడి చూపించాడు. మార్కండేయ పక్క హోటల్ నుంచి నాలుగు చాయలు తనే మోసుకొచ్చాడు.

పువ్వులు అయ్యాక గంగమణి, "అవ్వా, నువ్వేం చూస్తవ్?" అని మరియను అడిగింది.

మరియ కొంచెం ఆలోచించింది. "పువ్వులు లేనప్పుడు ఆ జాగ ఎట్లుంటది బిడ్డా? చలికాలంల?"

గంగమణి వెతికింది. బొమ్మ పట్టీలు పట్టీలుగా దిగింది. ఈసారి పై పట్టీ తెలుపు, దాని కింది పట్టీ తెలుపు, ఆ కిందిదీ తెలుపే. చివర్లో ఒక మూల సగం పూడిపోయిన గుడారం, దాని పక్కన నల్లటి చుక్కలా ఒక మనిషి. అది ఎవరి ఫొటోనో, ఏ కొండో తెలియదు. మరియ తెరకు దగ్గరగా జరిగింది.

"పువ్వుల ముచ్చట చెప్పినవ్ గని, గిది చెప్పలేదేంది?"

అబ్రాహాము చాయ గ్లాసును రెండు అరచేతుల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. "చెప్తె మళ్ల పంపుతుంటివా?"

మరియ తన కొంగు తీసి అతని మోకాలి మీద పడ్డ చాయ చుక్కలు తుడిచింది. తాజుద్దీన్ వాళ్లను వదిలేసి బయట అరుగు మీదికి వచ్చాడు. మార్కండేయ కూడా లేచొచ్చి పక్కన కూర్చున్నాడు. స్టేషన్ దిక్కు నుంచి మన్మాడు రైలు కూత వేసింది. లోపల అబ్రాహాము గొంతు నెమ్మదిగా వినిపిస్తోంది. ఆ చలికాలాల సంగతి మొదటిసారి చెబుతున్నాడు. ఒకసారి ఏడు రోజులు గుడారంలోనే ఎలా ఉండిపోయారో, పక్కవాడి వేళ్లు ఎలా నల్లబడ్డాయో.

నాలుగు గంటల ఎల్లారెడ్డి బస్సు పోయింది. ఐదింటిది కూడా పోయింది. చివరి బస్సుకు తాజుద్దీన్ వాళ్లతో బస్టాండు దాకా నడిచాడు. మరియ కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదలబోతుంటే, "అన్నా, క్రిస్మస్‌కు రావాలె. వదినెను, పిల్లలను తోల్కొని రావాలె" అంది.

"వస్తం చెల్లె" అన్నాడు తాజుద్దీన్.

డిసెంబరులో హసీనాను తీసుకుని పోయాడు. మరియ పొద్దున్నుంచి పొయ్యి దగ్గరే ఉంది. ఆడవాళ్లిద్దరూ ఒకరి వంటకు ఇంకొకరు వంకలు పెట్టుకుంటూ సాయంత్రం దాకా లోపలే ఉండిపోయారు. బయట వేపచెట్టు కింద అబ్రాహాము కూతురు తన చంటిబిడ్డను ఒళ్లో వేసుకుని, తండ్రి చెప్పే ఉన్ని పువ్వు ముచ్చట వింటోంది. తాజుద్దీన్ మంచం మీద పడుకుని, కళ్లు మూసుకుని తనూ విన్నాడు.